మంచులో ఆయ్

మా ఆయనకి కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్ళో అంటారు. ముక్కు మీద ఉంటే కొంగుతో తుడిచి పారేసేదాన్ని. ఆయన కోపం మొలలో కత్తి ఉన్నట్టు ఎప్పుడూ చేతికి అందేచోటే ఉంటుంది. పేరు కొండబాబు. నా పేరు విజయదుర్గ. నాకూ కోపం తక్కువేమీ కాదు. కాకపోతే నాది నోటితో పోతుంది, ఆయనది చేత్తో పోతుంది.

మా పొలం గన్నవరం దగ్గర గోదావరి పాయ మధ్య లంకలో ఉంది. రేవులో మా నాటు పడవెక్కి ఆయన తెడ్డు వేస్తే, నేను నీళ్ళు తోడిపోస్తే అవతలికి చేరతాం. ఏటా వరద లంకని నిండా ముంచి, ఒండ్రు పరిచి, పక్క ఊళ్ళ తుక్కంతా మా నెత్తిన పడేసి పోతుంది. అది తీసిన మర్నాటి నుంచి మాకు నడుం ఎత్తడానికి ఉండదు. తుక్కు తగలెయ్యాలి, నీళ్ళు పారడానికి బోదెలు తొయ్యాలి, వంగనారు నాటాలి, బీరకి పందిరి వెయ్యాలి. అంతా కార్తీకం లోపలే అవ్వాలి. కార్తీకంలో సగం లోకం మాంసం మానేసి కూరగాయల మీద పడుతుంది. మాకు అసలు పండగ అదే.

మొదటి మంచు కూడా అప్పుడే పడుతుంది. మంచు పడితే చిక్కుడు పూతకి వస్తుంది, మిరపకి తెగులు వస్తుంది. మాది చిక్కుడు. గట్టుకి అవతల మా బావగారిది మిరప. గొడవంతా అందులోనే ఉంది.

బావగారంటే మా ఆయన అన్నగారు, ముత్యాలరాజు గారు. మా మావగారు బతికుండగా తమలపాకు తోట వేసి, తీగ పాకడానికి వరసగా అవిశ చెట్లు నాటారు. తమలపాకు పోయింది, మావగారూ పోయారు, ఒక్క వరస అవిశలు మిగిలాయి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు సరిగ్గా ఆ వరసే సరిహద్దు గట్టయింది. చెట్లు ఎవరివో పంపకాలు చేసిన పెద్దమనుషులు చెప్పలేదు, కాఫీలు తాగి వెళ్ళిపోయారు. మా ఆయన ఆగలేదు, చెట్టుకో చిక్కుడు పాదు పెట్టేశాడు. ఖర్చు లేని పందిరి. ఎండకాలం దాకా కోసుకున్నా తరగని కాయ.

మాది తూర్పు చెక్క, బావగారిది పడమటి చెక్క. పొద్దున్న ఎండంతా మా అవిశలూ చిక్కుళ్ళూ తాగేసి, నీడ ఆయన మిరప మీద పడేస్తాయి. ఊరంతా మంచు ఆరిపోయినా ఆయన మొక్కల మీద ఆరదు. ఆకు మచ్చలు తేలి రాలిపోతుంది, కాయ తొడిమ దగ్గర కుళ్ళుతుంది. ఆయన మంచిగానే అడిగారు. మనిషిని పెట్టి అడిగించారు. చివరికి రేవులో పదిమంది ముందు అడిగారు. మా ఆయన ఏమన్నాడంటే, "చెట్టు మీద కత్తి పడితే నీ మెడ మీద పడినట్టే" అన్నాడు. సొంత అన్నగారిని. ఆ మాటతో ఇద్దరికీ మాటలు పోయాయి. చిన్నప్పటి నుంచి అన్నగారిని 'అండీ' అని పిలిచే మనిషి, ఆయన ఎదురైతే ఉమ్మేసి పక్కకి తిరగడం మొదలుపెట్టాడు.

అలా మూడు కార్తీకాలు పోయాయి. ఈ కార్తీకంలో మొదటి మంచు సోమవారం పడింది.

రేవులో పడవ ముక్కు పడవలో ఉన్నవాళ్ళకే కనబడలేదు. అలాంటి రోజున మాకు బూడిద పని. పొయ్యి బూడిద జల్లించి, పాత చీరముక్కలో మూట కట్టి, తడి ఆకుల మీద దులుపుకుంటూ పోవాలి. పేనుబంక చస్తుంది. ఆకు ఆరిపోయిందంటే బూడిద నిలవదు కాబట్టి మంచు ఉన్నంతసేపే చెయ్యాలి. నేను బీర పందిరి కింద దులుపుతున్నాను. మా ఆయన గట్టు వైపు నాకు నాలుగు బారల దూరంలో చిక్కుడు పాదుల మొదట్లో ఉన్నాడు. మనిషి కనబడడు, బూడిద దులిపిన చప్పుడే వినబడుతుంది. అవతల నుంచి కూడా అదే చప్పుడు. బావగారూ బూడిద చల్లుతున్నారన్న మాట.

అప్పుడు ఫోను మోగింది. కొత్తపేటలో మా కూరగాయలు కొనే శ్యామ్ బాబు గారు. ఆ మహానుభావుడు ఫోనెత్తితే పెట్టడు. చిక్కుళ్ళు ఎప్పుడు వస్తాయి, లేతగా కొయ్యండి, తడి కాయ పంపకండి, అంటూ రామాయణం మొదలుపెడతాడు. మా ఆయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు కాబోలు, బూడిద దులపడం ఆపకుండానే "ఆయ్" అన్నాడు. కాస్త ఆగి మళ్ళీ "ఆయ్" అన్నాడు.

మా వైపు ఈ ఆయ్ ఒకటి ఉంది కదా. ఒప్పుకున్నా ఆయ్ అంటాం, ఒప్పుకోకపోయినా మర్యాద కోసం ఆయ్ అంటాం, వింటున్నానని చెప్పడానికి ఆయ్ అంటాం, వినకపోయినా అంటాం. ఎదుటి మనిషి మొహం చూసి ఏ ఆయ్యో పోల్చుకోవాలి.

అవతలి నుంచి బావగారి గొంతు వినబడింది. మూడేళ్ళ తర్వాత. గొంతు పెద్దది కాదు, బతిమాలుతున్నట్టుంది.

"ఒరే తమ్ముడూ! మంచు దిగిపోయిందిరా. ఈ ఏడు కూడా పోతే ఇంక నేను మిరప పెట్టలేనురా. ఇయ్యాళ కొట్టేత్తాను. ఏవంటావు?"

"ఆయ్" అన్నాడు మా ఆయన.

అవతల బూడిద దులిపే చప్పుడు ఆగింది. తర్వాత బావగారు, "నిజంగానేరా?" అన్నారు.

"ఆయ్. అలాగేనండి. అలాగే కానివ్వండి" అన్నాడు మా ఆయన.

బావగారు అడిగిందీ, మా ఆయన అన్నదీ రెండూ నేను విన్నాను. ఆయన అడిగింది చెట్ల గురించని నాకెందుకు తోస్తుంది? కొట్టడమంటే మిరపకి మందు కొడతారు కాబోలు, తమ్ముడి మొక్కల మీద పడుతుందేమోనని చెబుతున్నారు కాబోలు అనుకున్నాను. మందైనా కొట్టేదే, చెట్టైనా కొట్టేదే. మా ఆయన 'అలాగేనండి' అన్నాడంటే అన్నగారితోనే అన్నాడేమోనని నాకు క్షణం సంతోషం కూడా వేసింది. ఫోనుకి సమాధానమని తర్వాత శ్యామ్ బాబు గారి పేరు వినబడ్డాక అర్థమైంది. నవ్వుకుని ఊరుకున్నాను. ఆయన చెవిలో ఫోను ఉండగా అన్నగారి గొంతు ఆయనకి వినబడనే లేదు.

కాసేపటికి గట్టు మీద దబ్, దబ్ అని చప్పుడు మొదలైంది. గుంజలు పాతుతున్నారనుకున్నాను. మా ఆయన అప్పటికి ఆ వైపు బూడిద అయిపోయి, ఏటి ఒడ్డున టమాటా మడుల్లోకి వెళ్ళిపోయాడు. అవిశ మెత్తటి కర్ర. గట్టిగా రెండు దెబ్బలు పడితే చాలు, మూడోదానికి ఒరుగుతుంది. పడిందన్న చప్పుడు కూడా చిక్కుడు తీగలే మింగేశాయి.

ఎండ వచ్చింది. మంచు కిందనుంచి కాదు, పైనుంచి విడిపోతుంది. ముందు అవతలి ఒడ్డు కొబ్బరి తలలు కనబడ్డాయి, తర్వాత మా పందిరి రాటలు కనబడ్డాయి. గట్టు మీద కనబడాల్సిన తలలు మాత్రం కనబడలేదు. ఇంకొంచెం విడిపోయాక చూస్తే వరస మొత్తం మా వైపుకి బోర్లా పడి ఉంది. తీగలు మొదట్లో తెగి, ఊదారంగు పూత బురదలో, దాని మీద మేము పొద్దుటే చల్లిన బూడిద. ఆ పాదులకి వరద తుక్కులోంచి ఏరిన మట్టి నేను మోసి పోశాను.

మా ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. టమాటా మడుల్లోంచి నడుచుకుంటూ వచ్చి, పడవలోంచి కొబ్బరి మట్టలు కొట్టే కత్తి తీసుకుని గట్టు వైపు నడిచాడు. నేను పందిరి గుంజ ఒకటి ఊడబెరుక్కుని వెనక పరిగెత్తాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు నాకు తెలీదు.

బావగారు పడిన చెట్ల మీదుగా మా వైపే వస్తున్నారు. చొక్కా లేదు, మోచేతుల దాకా బూడిద. నవ్వుతున్నారు. మూడేళ్ళలో ఆ మొహంలో నవ్వు చూడడం అదే మొదలు.

"ఒరేయ్, మీ గట్టు పక్క వంగకి కూడా నేనే బూడిద జల్లేసేనురా, చూసుకో" అన్నారు. "చిక్కుడుకేం బెంగెట్టుకోకు, వెదుళ్ళు నేను తెత్తాను, పందిరి ఇద్దరం కలిసి..."

మాట పూర్తి కాలేదు. మా ఆయన కత్తి ఎత్తాడు. బావగారు నవ్వు మొహంతోనే ఎడమ చెయ్యి అడ్డం పెట్టారు, ఎవరైనా ఆటకి కొడితే పెట్టినట్టు. కత్తి చేతిమీద పడింది. రెండు వేళ్ళు వంగ బోదెలో పడ్డాయి. బూడిద మీద నెత్తురు నల్లగా ఉంటుందని నేను అప్పుడే చూశాను.

"ఆయ్ అన్నావు కదరా!" అని అరిచారు బావగారు. నొప్పికి కాదు, ఆశ్చర్యానికి అరిచారు. "అడిగితే ఆయ్ అన్నావు కదరా, అలాగేనండి అన్నావు కదరా!"

"ఎవడన్నాడ్రా ఎదవా! దొంగ కోతలు కోత్తావా?" అన్నాడు మా ఆయన. కాలితో పొట్టలో తన్నాడు. బావగారు అవిశ మోళ్ళ మీద వెల్లకిలా పడ్డారు. పడిన మనిషి జుట్టు పట్టుకుని తల వెనక్కి లాగి, మెడ కనబడేలా పెట్టి, మళ్ళీ కత్తి ఎత్తాడు. రేవులో అన్న మాట నిలబెట్టుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది.

గుంజ రెండు చేతులా పట్టుకుని ఆయన భుజం మీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. కత్తి పడిపోలేదు. ఎడమ చేతిలోకి మార్చుకుని నా వైపు తిరిగాడు. నేనెవరో ఆ కళ్ళకి తెలియలేదు. మళ్ళీ కొట్టాను, ఈసారి ముంజేతి మీద. కత్తి పడింది. కాలితో చిక్కుడు తీగల కిందికి తన్నేశాను.

"అన్నావు!" అని అరిచాను. పెళ్ళయ్యాక ఆయన్ని మొహం మీద 'నువ్వు' అనడం అదే మొదలు. "నువ్వే అన్నావు! ఫోనులో శ్యామ్ బాబు గారితో ఆయ్, ఆయ్ అంటూ ఉంటే, ఈయన నిన్నే అడుగుతున్నారు. నా చెవులారా విన్నాను. నీ నోట్లోంచి వచ్చిన ఆయ్యే ఈ చెట్లు కొట్టింది. దమ్ముంటే నీ నాలిక కోసుకో!"

మా ఆయన నిలబడిపోయాడు. పడిన చెట్లు చూశాడు. వంగ మొక్కల మీద తను చల్లని బూడిద చూశాడు. విరిగిన భుజం పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

నేను చూసింది మాత్రం బావగారి మొహం. వేళ్ళు తెగినప్పుడు ఆ మొహంలో నొప్పి ఉంది, అంతే. తమ్ముడు తనతో మాట్లాడలేదని, ఆ ఆయ్ వేరే ఎవరికోనని తెలిసిన క్షణాన ఆ మొహం ఆరిపోయింది. "ఫోనా" అన్నారు నెమ్మదిగా.

చీర కొంగు చింపి ఆ చెయ్యి బిగించి కట్టాను. బోదెలోంచి వేళ్ళు ఏరి బూడిద మూట విప్పిన గుడ్డలో చుట్టాను. ముగ్గురం మా పడవే ఎక్కాం, బావగారి పడవ లంక పడమటి కొసన ఉండిపోయింది. మా ఆయన బాగున్న చేత్తో తెడ్డు వేశాడు. ఒంటి చేత్తో వేస్తే పడవ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి రెండో తెడ్డు నేను వేశాను. బావగారు మధ్యలో పడుకున్నారు. నరకబోయినవాడు మోసుకుపోతున్నాడు, విరగ్గొట్టినది పక్కన కూర్చుంది. అడుగున నీళ్ళు ఎర్రబడుతుంటే తోడేవాళ్ళు లేరు.

నా భయం నాకుంది. పోలీసులు వస్తారు. ఈయన జైలుకి పోతే ఈ తోట, ఈ పడవ, ఈ బతుకు నా ఒక్కదాని వల్ల కావు. సిగ్గు విడిచి, వంగి బావగారి చెవి దగ్గర చెప్పాను.

"బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండి. చెట్లు కొడుతుంటే కత్తి జారి తగిలిందని చెప్పండి. మీ తమ్ముడు చేసింది తప్పే. ఆయన్ని నేను చూసుకుంటాను. ఎముక నేనే విరగ్గొట్టేను, ఇంకా విరగ్గొడతాను. మీరు మటుకు పోలీసులకి చెప్పకండి. ఏవండీ?"

ఆయన కళ్ళు తెరవకుండా, "ఆయ్" అన్నారు.

ఎంత దొడ్డ మనిషి అనుకున్నాను. తెడ్డు మీద ఏడ్చేశాను.

గన్నవరం రేవు నుంచి ఆటోలో అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్ళాం. వేళ్ళు అతకవన్నారు. మా ఆయన చేతికి పిండికట్టు కట్టి వరండా బల్ల మీద కూర్చోబెట్టారు. మా అక్క, అంటే నా తోడికోడలు వీరలక్ష్మి, అప్పనపల్లి గుడికి వెళ్ళినావిడ అక్కణ్ణుంచే వచ్చింది. తడి తల, నుదుట కుంకం. వచ్చీ రావడంతో నా చెంప మీద కొట్టింది, రెండోసారి కొట్టింది, జుట్టు పట్టుకుని గోడకేసి నెట్టింది. నేను చెయ్యి ఎత్తలేదు. నా వంతు నేను పొద్దుటే కొట్టేశాను. నన్ను వదిలేసి మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని, చేతి కట్టు వైపు చూడకుండా ఏడ్చింది.

హెడ్ కానిస్టేబులు వచ్చారు. మా వైపు మనిషే, మాటలో తెలిసిపోయింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మీరు చెట్లు కొడుతుంటే కత్తి జారి తగిలిందని మీ మరదలు గారు అంటున్నారండి. అంతేనాండి?"

"ఆయ్" అన్నారు బావగారు.

హెడ్డు గారు స్టూలు మీంచి లేవలేదు. తల పక్కకి వంచి బావగారి మొహంలోకి చూశారు.

"అలా కాదండి. నేనూ ఇక్కడ పుట్టినోణ్ణే. ఈ ఆయ్ ఏ ఆయ్ అండి? అవుననా, వింటున్నాననా?"

ఆ ఒక్క ప్రశ్న పొద్దున్న మంచులో ఎవరైనా అడిగి ఉంటే, చిక్కుళ్ళు నిలిచేవి. వేళ్ళూ నిలిచేవి. ఎవరూ అడగలేదు. పడవలో నేనూ అడగలేదు.

బావగారు పైకప్పు చూస్తూ, "వింటున్నానండి" అన్నారు.

"మరేవైందండి?"

"మా తమ్ముడు నరికేడండి."

మంచం పట్టె పట్టుకున్నాను. "బావగారూ! పడవలో నాకు ఆయ్ అన్నారు కదండీ!"

ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపులో పగ ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"నీ మాట వింటున్నానన్నానమ్మా" అన్నారు. "వేళ్ళు పోతే పోనీ దుర్గా. మూడేళ్ళ తర్వాత నా తమ్ముడు నన్ను అండీ అన్నాడనుకున్నాను. చెట్టు కొడుతున్నంతసేపూ ఏడుత్తానే ఉన్నాను, సంతోషానికి. అది నాది కాదని తెలిసేక, వాడికి నేను అబద్ధం చెప్పి పెట్టాల్సిందేవుంది?"

తప్పని నేను అనలేకపోయాను. కోపం తెచ్చుకుందామని చూశాను, అదీ రాలేదు. నా నోరు అంత పనికిరాకుండా పోవడం అదే మొదలు.

గది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద మా ఆయన అన్నీ విన్నాడు. హెడ్డు గారు లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు.

"ఏవయ్యా కొండబాబూ, విన్నావా మీ అన్నగారు చెప్పింది? నువ్వే నరికేవా?"

మా ఆయన గోడ పట్టుకుని లేచాడు. హెడ్డు గారి మీదుగా మంచం వైపు, ఆ తెల్లటి కట్టు వైపు చూశాడు.

"ఆయ్" అన్నాడు.

ఎవరూ అడక్కుండానే, అన్నగారికి వినబడేలా "అవునండి" అన్నాడు.